రేవు చిట్టాలో జెనోవా

సభకు నమస్కారం.

పోర్టులో సరుకు లెక్కలు చూసే విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన నన్ను, ఇటలీలోని ఒక నగరపు మ్యూజియంల గురించి మాట్లాడమని పిలవడం నిర్వాహకుల ధైర్యమే అనుకోవాలి. కళా విమర్శ నా పని కాదు. అయితే ఏ ఓడ రేవుకు వచ్చినా ముందు దాని మేనిఫెస్టు తెప్పించుకుని, ఏ సరుకు ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది, దారిలో ఎంత తరిగింది అని చూసే అలవాటు నాకు ఇంకా పోలేదు. జెనోవాలో ఉన్న ఆరు రోజులూ నేను ఆ కళ్ళతోనే తిరిగాను. ఆ ఊరి మ్యూజియంలలో ఉన్న వస్తువుల్లో చాలా భాగం రేవు ద్వారా వచ్చినవో, రేవు సంపాదించి పెట్టినవో, రేవు పోగొట్టుకున్నవో అని, వాటిని పాత చిట్టాలో పద్దుల్లా వరుసగా చదువుకోవచ్చునని నాకు అనిపించింది. ఈ సాయంత్రం మీకు చెప్పదలచుకున్నది అదే.

మొదటి పద్దు మనదే. పాత రేవుకు ఎదురుగా, గోడల నిండా రంగురంగుల చిత్రాలతో, పలాజో సాన్ జార్జో అనే భవనం ఉంది. దాన్ని 1260లో కట్టారు. కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో, వెనిస్ వారికి ఉన్న కట్టడాన్ని కూల్చి, ఆ రాళ్ళను ఓడల్లో తెచ్చి ఇందులో వాడారు. వాటిలో సింహపు తలలు ఇప్పటికీ గోడల మీద కనిపిస్తాయి. వెనిస్‌కూ జెనోవాకూ మధ్య జరిగిన నౌకాయుద్ధాల్లో పట్టుబడిన మార్కో పోలో, 1298లో ఈ నగరంలో ఖైదీగా ఉన్నాడు. అతన్ని ఉంచింది ఈ భవనంలోనే అని ఊరివాళ్ళ నమ్మకం. తోటి ఖైదీ అయిన పీసా నగరవాసి రుస్తికెల్లోకు మార్కో పోలో తన ప్రయాణాలన్నీ చెబుతూ ఉంటే, రుస్తికెల్లో రాసుకుంటూ పోయాడు. ఆ పుస్తకంలో ముత్ఫిలి అనే రాజ్యం ఒకటి వస్తుంది. దాన్ని ఏలుతున్నది ఒక రాణి అనీ, న్యాయంగా పాలిస్తున్నదనీ, అక్కడి కొండల్లో వజ్రాలు దొరుకుతాయనీ, అక్కడ నేసే నూలు బట్ట సాలెగూడంత పలుచన అనీ మార్కో పోలో చెప్పాడు. ముత్ఫిలి అంటే మన బాపట్ల జిల్లాలోని మోటుపల్లి అనీ, ఆ రాణి రుద్రమదేవి అనీ చరిత్రకారులు గుర్తించారు. రుద్రమ తండ్రి గణపతిదేవుడు అదే మోటుపల్లిలో, గాలివానకు చిక్కి తీరం చేరిన ఓడల సరుకును రాజులు లాక్కునే పాత పద్ధతిని మాన్పించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని విదేశీ వర్తకులకు అభయ శాసనం వేయించాడు. మోటుపల్లి రేవు పేరు యూరప్ పాఠకులకు చేరింది జెనోవా ఖైదులో నుంచి. ఆ భవనం ముందు నిలబడినప్పుడు నా మనసులో మెదిలిన సంగతి ఇది. నా పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నవారికి ఇందులో పట్టింపు ఏమీ కనిపించలేదు.

ఆ భవనానికి ఆ పేరు తెచ్చింది 1407లో ఏర్పడిన సాన్ జార్జో బ్యాంకు. యూరప్‌లోని అతి పాత బ్యాంకులలో అది ఒకటి. రాజ్యం చేసిన అప్పులన్నిటినీ తన చేతిలోకి తీసుకుని, బదులుగా పన్నులు వసూలు చేసుకునే హక్కు సంపాదించిన ఆ సంస్థకు, 1453లో కార్సికా ద్వీపం పరిపాలనను కూడా అప్పగించారంటే దాని పలుకుబడి ఎంతటిదో ఊహించుకోవచ్చు. 1805లో నెపోలియన్ ఏలుబడిలో దాన్ని మూసివేశారు. నేడు ఆ భవనంలో పోర్టు పరిపాలన కార్యాలయం ఉంది. లోపలి పెద్ద హాలులో గోడల వెంబడి దాతల విగ్రహాలున్నాయి. కొందరు కూర్చుని ఉంటారు, కొందరు నిలబడి ఉంటారు. ఎక్కువ ఇచ్చినవారికి కూర్చునే విగ్రహం, అంతకంటే తక్కువ ఇచ్చినవారికి నిలబడే విగ్రహం అని వివరణ విన్నప్పుడు, మన గుళ్ళలో ట్యూబులైట్ల మీద, ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు రాయించే ఆచారం గుర్తుకు వచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను.

ఈ భవనానికీ సముద్రానికీ మధ్య 1965లో ఎత్తైన స్తంభాల మీద ఒక రహదారి వేశారు. కార్లకు అది ఎంతో సౌకర్యం. కానీ ఊరికీ రేవుకూ మధ్య తెర దించినట్టుగా ఉంటుంది. పడగొట్టాలని కొందరు, ఉండాలని కొందరు వాదించుకుంటూనే ఉన్నారు. దాని కింది నుంచి దాటి వెళితే, 1992లో కొలంబస్ ప్రయాణానికి ఐదు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా, అదే ఊరివాడైన వాస్తుశిల్పి రెంజో పియానో తీర్చిదిద్దిన పాత రేవు ప్రాంగణం వస్తుంది. పడవల మీద సరుకు ఎత్తే దూలాల, అంటే డెరిక్కుల, ఆకారంలో నిలిపిన ఎత్తైన ఇనుప చట్రం, దానికి వేలాడుతూ పైకి వెళ్ళే గుండ్రటి లిఫ్టు, దాదాపు నాలుగు వందల మీటర్ల పొడవున్న పాత పత్తి గోదాములు, ఇటలీలోకెల్లా పెద్ద అక్వేరియం అక్కడే ఉన్నాయి. పిల్లలను తీసుకువెళ్ళేవారికి అక్వేరియం తప్పనిసరి. నాకు మాత్రం సొరచేపల కంటే, ఒకప్పుడు బేళ్ళు దింపిన ఆ గోదాముల ఇనుప స్తంభాల దగ్గరే ఎక్కువసేపు గడిచింది.

అక్కడి నుంచి నీటి ఒడ్డునే పది నిమిషాలు నడిస్తే గలాటా సముద్ర మ్యూజియం. 2004లో తెరిచారు. కాన్‌స్టాంటినోపుల్‌లో జెనోవా వర్తకులు స్థిరపడిన పేట పేరు గలాటా; ఆ పేరే దీనికి పెట్టారు. మీకు ఒక్కరోజే ఉంటే, ఒక్క మ్యూజియమే చూడగలిగితే, ఇదే చూడమంటాను. కింది అంతస్తులో పదిహేడవ శతాబ్దపు యుద్ధపడవను నిలువెత్తున తిరిగి కట్టి పెట్టారు. తెడ్లు వేసేవారి బల్లల మీద మనం కూర్చోవచ్చు, తెడ్డు పట్టుకుని చూడవచ్చు. ఆ బల్లల మీద మూడు రకాల మనుషులు ఉండేవారు: యుద్ధాల్లో పట్టుబడిన బానిసలు, శిక్షపడ్డ నేరస్థులు, అప్పులు తీర్చుకోలేక కూలికి ఒప్పుకుని వచ్చినవారు. ఈ మూడో రకం వారిని ఇటాలియన్‌లో బువొనవొల్యా అనేవారు, అంటే ఇష్టపడి వచ్చినవారు అని అర్థం. కాళ్ళకు గొలుసులు వారికీ తప్పేవి కావు. నేను ఆ బల్ల మీద కూర్చుని తెడ్డు పిడి పట్టుకుంటే, నా రెండు చేతుల పట్టుకూ అది చిక్కలేదు. చెక్కమాను మీద మేకులతో కొట్టిన పట్టీలు ఉన్నాయి, వాటిని పట్టుకుని లాగాలి. లేచి నిలబడి, తెడ్డును ముందుకు నెట్టి, వెనక్కి పడిపోతున్నట్టు కూర్చుంటే ఒక్క ఊపు పూర్తవుతుంది. నాలుగు ఊపులకే నడుము పట్టేసింది.

అదే మ్యూజియం పై అంతస్తులో వలసల విభాగం ఉంది. పంతొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో లక్షలాది ఇటలీ పేదలు ఈ రేవులోనే ఓడెక్కి అర్జెంటీనాకు, బ్రెజిల్‌కు, అమెరికాకు వెళ్ళారు. మూడో తరగతి ప్రయాణికులు పడుకునే గదిని, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే ఇనుప మంచాలతో సహా తిరిగి నిర్మించారు. మా నాయనమ్మ వైపు బంధువులు కొందరు కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళినవారు కావడం వల్ల, రంగూన్ డెక్కు మీద చోటు కోసం జరిగిన పోట్లాటలు చిన్నప్పుడు విన్నవాణ్ణి కావడం వల్ల, ఆ గదిలో నుంచి త్వరగా బయటికి రాలేకపోయాను. చివరి గదుల్లో కథ తిరగబడుతుంది: ఇప్పుడు ఇటలీకే ఆఫ్రికా నుంచి, ఆసియా నుంచి పడవల్లో వస్తున్నవారి సంగతులు అక్కడ ఉంటాయి. పంపినవారే అందుకునేవారయ్యారన్న సంగతిని దాచకుండా ఒకే కప్పు కింద పెట్టినందుకు ఆ మ్యూజియం వారిని మెచ్చుకోవాలి.

మ్యూజియం ముందు నీటిలో నజారియో సావురో అనే జలాంతర్గామి తేలుతూ ఉంటుంది. 2010 నుంచి దాన్ని చూడనిస్తున్నారు. విశాఖ బీచ్‌లో మన కురుసుర ఇసుక మీద నిలబడి ఉంటే, ఇది ఇంకా నీళ్ళలోనే ఉంది. లోపలికి వెళ్ళేవారికి తలకు హెల్మెట్టు ఇస్తారు. ఎందుకో అని అనుకున్నాను. మూడో అడుగులోనే ఇనుప తలుపుచట్రం తలకు తగిలి, ఎందుకో తెలిసింది.

ఇక ఊరిలోకి వెళదాం. పాత జెనోవా అంటే సందులు. వాటిని అక్కడ కరూజీ అంటారు. చేతులు చాచితే రెండు పక్కల గోడలూ తగిలేంత ఇరుకు, ఆరేడు అంతస్తుల ఎత్తు, మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకునే దుకాణాలు. ఎండ పడేది ఏ చిన్న చర్చి ముందరి చదునులోనో మాత్రమే. కొలంబస్ ఇల్లు అని చూపించే రాతి గుడిసె సోప్రానా ద్వారం పక్కన ఉంది. 1684లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగవ లూయీ నౌకాదళం ఈ ఊరి మీద బాంబులు కురిపించినప్పుడు పాతది పోయింది. ఇప్పుడున్నది పద్దెనిమిదవ శతాబ్దంలో తిరిగి కట్టినది. టికెట్టు కొని లోపలికి వెళ్ళాల్సినంత విశేషం అందులో లేదు. పక్కనే 1155 నాటి జంట బురుజులున్న ద్వారాన్ని చూడడానికి మాత్రం టికెట్టు అక్కరలేదు.

సందుల నుంచి ఒక్కసారిగా బయటపడితే సాన్ లొరెంజో ప్రధాన చర్చి. నలుపు తెలుపు రాళ్ళను పట్టీలు పట్టీలుగా పేర్చి కట్టిన ముఖద్వారం. లోపల కుడివైపు గోడ దగ్గర, కొవ్వొత్తులకూ పటాలకూ మధ్య, మనిషి నడుము దాటేంత ఎత్తున ఒక ఫిరంగి గుండు నిలబెట్టి ఉంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ నౌకాదళం సముద్రం మీది నుంచి నగరాన్ని కొట్టినప్పుడు, చర్చి గోడను చీల్చుకుని లోపల పడి, పేలకుండా ఉండిపోయిన గుండుకు గుర్తు అది. పేలనందుకు కృతజ్ఞతగా అని పక్కన రాయి మీద చెక్కించారు. ఆ రోజు ఊరిలో పేలినవి ఎన్నో ఉన్నాయన్నది వేరే సంగతి.

ఆ చర్చి నేల కింద 1956లో వాస్తుశిల్పి ఫ్రాంకో అల్బీని కట్టిన నిధి మ్యూజియం ఉంది. ముదురు బూడిదరంగు రాతితో కట్టిన గుండ్రటి గదులు, ఒక్కో గదిలో ఒకటి రెండు వస్తువులు మాత్రమే. వస్తువులను కుక్కి పెట్టకపోవడమే అసలు మర్యాద అని ఆ వాస్తుశిల్పికి తెలుసు. అక్కడ నేను ఎక్కువసేపు చూసినది సాక్రో కటీనో అనే ఆకుపచ్చ పళ్ళెం. ఆరు పలకలది, రెండు చేతుల్లో పట్టేంతది. 1101లో క్రూసేడు యుద్ధంలో పాలస్తీనా తీరంలోని సిజేరియాను కొల్లగొట్టినప్పుడు జెనోవా వారి వాటాకు వచ్చిన సొత్తు అది. అది పచ్చ అనే రత్నం, అంటే మరకతం, ఒకే రాయిలో చెక్కినదని నమ్మారు; ఏసుక్రీస్తు చివరి విందులో వాడిన పాత్ర అని కూడా నమ్మారు. ఏడు వందల ఏళ్ళు దాన్ని కంటికి రెప్పలా కాపాడుకున్నారు. నెపోలియన్ మనుషులు దాన్ని పారిస్‌కు పట్టుకుపోగా, అక్కడి శాస్త్రజ్ఞులు పరీక్షించి ఇది పచ్చ కాదు, గాజు అని తేల్చారు. 1816లో తిరిగి వచ్చేటప్పటికి దారిలో పగిలిపోయింది. ముక్కలను అతికించారు కానీ ఒక ముక్క రాలేదు, ఆ ఖాళీ ఇప్పటికీ కనిపిస్తుంది. మా భాషలో చెప్పాలంటే: బయలుదేరినప్పుడు మరకతం అని డిక్లేరు చేసిన సరుకు, తనిఖీలో గాజుగా తేలి, తిరుగు ప్రయాణంలో డ్యామేజీతో, షార్టేజీతో చేరింది. అయినా జెనోవా దాన్ని పారేయలేదు, పేరు కూడా మార్చలేదు; అదే పీఠం మీద, అదే గౌరవంతో ఉంచింది. నిజం బయటపడ్డాక కూడా ఒక వస్తువును పాత ఆదరంతోనే చూసుకోవడం నాకు ఎంతో నచ్చింది.

చర్చికి పక్కనే ఉన్న డయోసిస్ మ్యూజియంలో నీలం రంగు నార బట్టల మీద తెల్ల రంగుతో గీసిన క్రీస్తు కథా చిత్రాలున్నాయి. పదహారవ శతాబ్దంలో మొదలుపెట్టిన వరుస అది. ఈస్టర్‌కు ముందు వారంలో చర్చిలో వేలాడదీసేందుకు చేయించారు. ఈ ఊరి పేరుకు ఫ్రెంచి రూపమైన జెన్ నుంచే జీన్స్ అన్న మాట పుట్టింది కాబట్టి, వీటిని జీన్స్ ప్యాంటు తాతముత్తాతలని సరదాగా అంటారు. వీటికి వేసినది నీలిమందు రంగు. యూరప్ భాషల్లో దాన్ని ఇండిగో అంటారు. అది ఏ దేశపు సరుకో పేరులోనే ఉంది.

ధనవంతుల వీధికి వెళ్ళడంలో నేను ఒక పొరపాటు చేశాను. ఇటలీలో చాలా మ్యూజియంలు సోమవారం తెరవరన్న సంగతి మరిచి, సోమవారమే వెళ్ళి, మూసిన తలుపుల ముందు నిలబడి వచ్చాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. పదహారవ శతాబ్దం నడుమ, స్పెయిన్ రాజుకు అప్పులిచ్చి వడ్డీల మీద కోట్లు గడించిన కుటుంబాలు, సందుల్లో ఉండలేక, కొత్తగా ఒక వీధి గీయించుకుని భవనాలు కట్టుకున్నాయి. దాన్ని కొత్త వీధి అనేవారు. ఇప్పుడు గరిబాల్దీ వీధి. పొడవు సుమారు 250 మీటర్లే. ఇంత డబ్బున్నవారు వీధిని అంత ఇరుకుగా ఎందుకు ఉంచారో అనిపిస్తుంది. తలెత్తి చూస్తే తప్ప ఏ భవనమూ పూర్తిగా కంటికి ఆనదు. జెనోవా రాజ్యానికి రాజమహలు లేదు. అందువల్ల విదేశీ రాజులు, రాయబారులు వస్తే ఎవరి ఇంట్లో దింపాలో తేల్చడానికి 1576లో సెనేటు ఒక జాబితా తయారు చేసింది. భవనాలను హోదాను బట్టి వర్గాలుగా విడగొట్టి, చీటీలు తీసి అతిథులను పంపేవారు. ఆ జాబితాల పేరే రొల్లి. వాటిలోని 42 భవనాలను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చిత్రకారుడు రూబెన్స్ ఈ భవనాల నక్షాలను ఎంత మెచ్చుకున్నాడంటే, వాటిని అచ్చు వేయించి 1622లో తన ఊరు ఆంట్వెర్ప్‌లో ప్రచురించాడు.

వాటిలో మూడింటిని కలిపి ఇప్పుడు ఒకే మ్యూజియంగా నడుపుతున్నారు. ఎర్ర భవనాన్ని బ్రిన్యోలె సాలె కుటుంబపు ఆడపడుచు, గల్లియేరా డచెస్, 1874లో చిత్రాలతో సహా నగరానికి ఇచ్చివేసింది. అందులో వాన్ డైక్ గీసిన ఆ కుటుంబపు నిలువెత్తు చిత్రాలున్నాయి. తమ మనుషులు గోడ మీద, తమ గోడ ఊరికి! తెల్ల భవనంలో కారవాజ్జో చిత్రం ఒకటి ఉంది. మూడోదైన తుర్సి భవనంలో ఇప్పటికీ పురపాలక కార్యాలయం నడుస్తుంది. అక్కడ ఒక గదిలో, గాజు పెట్టెలో, ఈ ఊరిలోనే 1782లో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన వయొలిన్ ఉంది. 1743లో వయొలిన్లు తయారుచేసే గ్వార్నేరీ చేసినది. దాని గొంతు ఎంత పెద్దదంటే దాన్ని ఫిరంగి అని పిలిచేవాడు పగనీని. చనిపోతూ తన ఊరికి రాసి ఇచ్చాడు. గాజుకు ముఖం ఆనించి చూస్తే, గడ్డం ఆనిన చోట వార్నిషు అరిగిపోయి చెక్క లేతగా బయటపడి ఉంటుంది. వాడకుండా ఉంచితే వాయిద్యం మూగబోతుందని, అప్పుడప్పుడు బయటికి తీసి పేరున్న కళాకారుల చేత వాయింపిస్తారు. మ్యూజియంలో ఉంటూ ఇంకా పని చేస్తున్న వస్తువు అది. పదవీ విరమణ చేసిన నాలాంటివాడికి కొంచెం అసూయ కలగడం సహజం.

జెనోవా కొండ మీది ఊరు. లిఫ్టులు, తాడుతో లాగే రైళ్ళు అక్కడ ఊరి రవాణాలో భాగం. కాస్తెల్లెత్తో లిఫ్టెక్కి పైన దిగితే, నల్లటి పలకరాతి కప్పులు, గోపురాలు, వాటి వెనుక రేవు, క్రేన్లు అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. కెప్టెన్ డాల్బెర్టిస్ కోటకు వెళ్ళే లిఫ్టు ఇంకా చిత్రమైనది: ముందు సొరంగంలో రైలులాగా అడ్డంగా పోయి, ఆ తర్వాత అదే పెట్టె నిలువుగా పైకి లేస్తుంది. ఆ కెప్టెన్ ప్రపంచమంతా తిరిగి తెచ్చిన ఆయుధాలు, వస్తువులు, అతనికి పిచ్చి ప్రేమ ఉన్న ఎండ గడియారాలు అక్కడున్నాయి. జపాన్ ప్రభుత్వానికి నోట్ల అచ్చులు చెక్కడానికి 1875లో వెళ్ళి అక్కడే 1898లో చనిపోయిన కియొస్సోనె తన జీతమంతా పెట్టి కొన్న జపాన్ కళావస్తువులకు మరో మ్యూజియం ఉంది. ఓపిక ఉంటే రెండూ చూడండి. రేవు చివర ఉన్న లాంతెర్నా దీపస్తంభానికి మాత్రం ఓపిక లేకపోయినా వెళ్ళండి. 1543లో కట్టిన 77 మీటర్ల ఆ స్తంభం ఇప్పటికీ ఓడలకు దారి చూపుతూనే ఉంది. కంటైనర్ల గుట్టల పక్కగా వేసిన కాలిబాట మీద నడిచి, 172 మెట్లెక్కాలి. ఆకలేస్తే కింద ఊరిలో ఫరినాతా అడగండి. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి, బండి చక్రమంత రాగి పళ్ళెంలో పోసి, కట్టెల పొయ్యిలో కాల్చి, ముక్కలుగా కోసి కాగితంలో పెడతారు. పచ్చిమిర్చి, జీలకర్ర లేని లోటు తప్ప మనకు కొత్తగా ఏమీ అనిపించదు.

చివరి రోజు స్తాల్యేనో శ్మశానానికి వెళ్ళాను. 1851లో తెరిచిన ఆ స్థలాన్ని శిల్పాల మ్యూజియం అనడమే న్యాయం. వర్తకులు, బ్యాంకర్లు, ఓడల యజమానులు పాలరాతిలో భార్యాబిడ్డల మధ్య కన్నుమూస్తూ పొడవాటి వసారాల నిండా వరుసగా ఉంటారు. వారి మధ్య కతెరీనా కంపొదోనికో అనే ముసలమ్మ నిలబడి ఉంటుంది. ఆమె జాతర్లలో, చర్చి పండుగల్లో కాయలూ రొట్టెలూ అమ్ముకుని బతికిన మనిషి. ఎండలో, వానలో తిరిగి కూడబెట్టిన డబ్బుతో, ఆ కాలంలో ఊరి పెద్దలు పని చేయించుకునే శిల్పి లొరెంజో ఒరెంగో దగ్గరికి వెళ్ళి, తాను బతికి ఉండగానే తన విగ్రహం చెక్కించుకుంది. 1881లో అది పూర్తయింది. మరుసటి ఏడు ఆమె పోయింది. పండుగ నాటి బట్టలు, శాలువా అంచు కుచ్చులు, లేసు, గౌను మీది పూల అల్లిక అన్నీ దారం దారం లెక్కపెట్టుకునేలా చెక్కాడు శిల్పి. ముఖంలో ముడతలు తగ్గించలేదు, వేళ్ళ లావు తగ్గించలేదు. చేతుల్లో ఆమె అమ్మిన సరుకే ఉంది: దారానికి గుచ్చిన కాయల దండలు, గుండ్రటి రొట్టెలు. కింద జెనోవా మాండలికంలో చెక్కించిన పద్యంలో, తాను ఏమేమి అమ్మి ఈ రాయి కొన్నదో ఆమే చెబుతుంది, దారిన పోయేవారు తనకు శాంతి కోరమని అడుగుతుంది. ఆ రోజు మ్యూజియం పనివాళ్ళెవరూ దగ్గరలో లేరు. కాయల దండను వేలితో తాకి చూశాను. పాలరాయి చల్లగా ఉంది, ఒక్కో కాయ నున్నగా ఉంది. నాలాగే తాకిన చేతులు చాలా ఉన్నట్టున్నాయి, అక్కడక్కడ రాయి మెరుస్తోంది.